ఎల్‌నినో ఏడాది వేరుసెనగ వేయవచ్చా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నేను చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాను. ఈసారి ఎల్‌నినో అని వార్తల్లో విని, వేరుసెనగ వేయవద్దని నాన్నకు ఫోను చేశాను. "2015లోనూ ఎల్‌నినోనే అన్నారు. మీ వీధిలో పడవలు తిరగలేదా?" అన్నారు. జవాబు తోచలేదు.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: నాన్నగారు చెప్పింది నిజమేనమ్మా, కాకపోతే ఆ పడవలు డిసెంబరు వరదలవి. అప్పుడు నేనూ చెన్నైలోనే ఉన్నాను, మేడ మీద నిలబడి మా మెట్లు ఒక్కొక్కటే మునుగుతుంటే లెక్కపెట్టాను. అదే ఏడాది జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశంలో వాన 14 శాతం తక్కువ.

పసిఫిక్ మహాసముద్రం నడుమ, తూర్పున నీరు వేడెక్కడమే ఎల్‌నినో. అప్పుడు మేఘాలు కట్టే చోటు అటు జరుగుతుంది. మన వైపు నైరుతి డీలా పడుతుంది. అక్టోబరు దాటాక అదే ఎల్‌నినో ఈశాన్య రుతుపవనాలకు తరచుగా బలమిస్తుంది. చెన్నైకి ఏడాది వానలో సగానికి పైగా అప్పుడే. మీ చేనుకు పదును కావలసింది మాత్రం జూన్, జూలైల్లో.

అలాగని ఎల్‌నినో అనగానే విత్తు మానుకోవడమూ తొందరపాటే. 1997లో అది చాలా బలమైనది, అయినా నైరుతి వాన మామూలుగానే పడింది. హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా వైపు నీరు వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడటం ఆదుకుందంటారు. 2002లో ఎల్‌నినో అంత బలమైనది కాదు, కానీ జూలైలో దేశానికి రావలసిన వానలో దాదాపు సగమే వచ్చింది. అప్పుడు నేను వ్యవసాయ శాఖలో ఉద్యోగిని. ఒక రైతు సాలు తవ్వి గింజ తీసి నా అరచేతిలో పెట్టాడు. గోరంత మొలక, గోధుమ రంగుకు తిరిగి ఎండిపోయింది. తొలి జల్లుకే విత్తాడు మరి.

కాబట్టి ఎల్‌నినో కబురు కాలం మొత్తానికి సంబంధించింది, ఏ వారం విత్తాలో అది చెప్పదు. దానికి మంగళ, శుక్రవారాల్లో వాతావరణ శాఖ ఇచ్చే వ్యవసాయ సలహా చూసి నాన్నగారికి చదివి వినిపించండి. నేల జానెడు లోతు తడిసే వాన పడ్డాకే గొర్రు కట్టమనండి. నడుమ కంది సాళ్లు ఉండాలి. జూలై గడిచినా పదును రాకపోతే ఉలవలకు మళ్లడమే, ఆయనకు నేను చెప్పాలా!

విత్తనం కాయలు మాత్రం ఇప్పుడే ఒలిపించవద్దనండి. వాన ఆలస్యమైతే ఒలిచిన గింజలో మొలకశక్తి తగ్గిపోతుంది.