హాస్యాస్పదమైన నవల

సందేహం: ఈమధ్య కొన్న ఒక నవల అట్టమీద ‘ఆద్యంతం హాస్యాస్పదంగా సాగే రచన’ అని ఉంది. జగదాంబ కూడలిలో ఒక బట్టల దుకాణం బోర్డుమీద ‘హాస్యాస్పదమైన ధరలకే చీరలు’ అని చదివాను. హాస్యానికి ఆస్పదమైనది కాబట్టి నవ్వు తెప్పించేదని అర్థమనీ, రెండూ ఒప్పేననీ మా అబ్బాయి వాదన. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి విగ్రహవాక్యం సరిగ్గానే చెప్పాడు. అయితే విడదీసిన రెండు మాటల్లో రెండోదాన్ని తేలిగ్గా దాటేశాడు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఆస్పదం అంటే చోటు, ఆధారం. ‘ఆ’ మీద ‘పద’ శబ్దం చేరితే ‘ఆపదం’ కావాలి కదా, మధ్యలో ఈ సకారం ఎక్కడిది? దీనికోసం పాణిని ‘ఆస్పదం ప్రతిష్ఠాయామ్’ అని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. ప్రతిష్ఠ అంటే నిలదొక్కుకునే చోటు. ఆ అర్థం ఉంటేనే సకారం వస్తుంది, లేకపోతే రాదు. ఆయన వ్యాకరణ గ్రంథం అష్టాధ్యాయిలో, ఆరో అధ్యాయం మొదటి పాదంలో దీనికి ముందు సూత్రం గోష్పదానిది, తరవాతి సూత్రం ఆశ్చర్యానిది. మూడింటిలోనూ వచ్చేది ఒకే ఆగమం, అంటే మాట మధ్యలో కొత్తగా వచ్చి చేరే వర్ణం. ఆ సకారానికి పాణిని పెట్టిన పేరు సుట్. గోష్పదమంటే ఆవు గిట్ట దిగినంత గుంట. ‘గోష్పదీకృత వారాశిం’ అని హనుమంతుణ్ణి తలచుకునేవారు సముద్రం ఆయనకు ఆ గుంటపాటిదైందని చెప్పుకుంటున్నారు. మీకు సముద్రం దగ్గరే కనుక, ఒకసారి ఒడ్డున నిలబడి ఆ శ్లోకం చదువుకోండి, ఆ మాట బరువు తెలుస్తుంది. ఒక్క హల్లు రావడానికి కూడా అర్థం అనుమతి కావాలన్న ఈ పట్టింపు నాకు ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది.

కనుక ఆస్పదం దేన్నీ పుట్టించదు. వచ్చి వాలినదానికి చోటిస్తుంది. వివాదాస్పదమైన స్థలం తనంతట తాను తగాదా పెట్టుకోదు, తగాదా దానిమీద పడుతుంది. అనుమానాస్పద వ్యక్తి ఎవరినీ అనుమానించడు, లోకమే అతన్ని అనుమానిస్తుంది. గౌరవాస్పదుడు గౌరవం అందుకునేవాడు. అలాగే నలుగురి నవ్వూ దేనిమీద పడుతుందో అది హాస్యాస్పదం. దీనికి మన ఇంటి మాట ‘నవ్వులపాలు’. అట్టమీది వాక్యంలో ఆ మాట పెట్టి చూడండి: ఆద్యంతం నవ్వులపాలైన రచన! ప్రచురణకర్త తాను అచ్చువేసిన పుస్తకాన్ని తానే నిందించినట్టయింది. ‘కడుపుబ్బ నవ్వించే నవల’ అనడానికి నామోషీ దేనికో నాకు అర్థం కాదు. సంస్కృతమే కావాలనుకుంటే హాస్యభరితం ఉంది, హాస్యరసప్రధానం ఉంది. నాలుగు అక్షరాలు బరువుగా వినిపిస్తే చాలు, అర్థం చూడకుండా అట్టకెక్కించే అలవాటు మానుకోవాలి.

నవ్వు ఎవరిమీద పడుతోందన్న ప్రశ్న వ్యాకరణంతో ఆగదు. మీ ఊళ్లోనే వకీలుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి ‘ఆరు సారా కథలు’ తీయండి. మద్యనిషేధం నాటి సారా కేసులు, వాటిలో ఇరుక్కునే బీదాబిక్కీ, వారి చుట్టూ పోలీసులు, ప్లీడర్లు, కోర్టులు. చదువుతుంటే నవ్వు వస్తుంది, వెంటనే గుండె బరువెక్కుతుంది. ఆ నవ్వుకు ఆస్పదం ఎవరు? బోనెక్కిన బీదవాడు కాదు, వాణ్ణి బోనెక్కించి తాను పెద్దమనిషిగా చెలామణీ అయ్యే వ్యవస్థ. ఆయన పాత్రలు ఉత్తరాంధ్ర పలుకుబడిలోనే మాట్లాడతాయి. పాఠకుడు నవ్వేది ఆ పలుకును చూసి కాదు, ఆ పలుకులో బయటపడిన నిజానికి. ఇప్పుడు కొన్ని ప్రకటనల్లో, కాలక్షేపం నవలల్లో అదే యాసను కాపలాదారుకో పనిమనిషికో తగిలించి, మాట వినగానే నవ్వమంటున్నారు. ఒక ప్రాంతపు భాషనే హాస్యాస్పదం చేశారు. అది విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, దాచుకోను. శాస్త్రిగారిది వ్యంగ్యం, వీరిది వెక్కిరింత.

వ్యంగ్యమన్నాను కనుక ఒక మాట: అలంకారశాస్త్రంలో అది వ్యంజన వల్ల, అంటే పైకి చెప్పనిదాన్ని సూచించే మాట శక్తి వల్ల, స్ఫురించే అర్థం, ఎత్తిపొడుపు అన్నది తరవాత చేరిన అర్థం. పరిహాసం సరసానికీ ఎగతాళికీ రెంటికీ చెల్లుతుంది. అపహాస్యంలో ఎగతాళి ఒక్కటే.

ఇక చీరల ధరలు. నమ్మలేనంత తక్కువ ధరను ‘నవ్వొచ్చే ధర’ అనడం ఇంగ్లీషువారి అలవాటు, దాన్ని మక్కికి మక్కి దించారు. కారుచవక అనే చక్కని మాట మనకు లేదా? ‘ఆలసించిన ఆశాభంగం’ అని మైకులో అరిచిన రోజుల్లో వ్యాపారి తెలుగు ఇంతకంటే సూటిగా ఉండేది. అయినా దీన్ని పూర్తిగా తప్పని కొట్టివేయడానికి వెనకాడుతున్నాను. ‘ఇంత తక్కువకు అమ్ముతున్నానని తోటి వర్తకులు నవ్వుతారు, నవ్వితే నవ్వనీ’ అన్నది దుకాణదారు భావమైతే, నవ్వు ధరమీదే పడింది కనుక మాట కుదిరినట్టే. కాని ఆ భావం బోర్డులో ఎక్కడో ఒకచోట తెలియాలి. మీరు రాసినంతలో తెలియడం లేదు. కింద ఇంకేమైనా వాక్యం ఉందేమో ఈసారి అటు వెళ్లినప్పుడు చూసి రాయండి. నవల విషయంలో మాత్రం మీ అబ్బాయి వాదనను ఒప్పుకోలేను.