హాస్పిస్‌లో వాలంటీరుగా చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

హాస్పిస్‌లో వాలంటీరుగా చేరతానన్నావు, చాలా సంతోషం. నయంకాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లని బాధ తగ్గించి చూసుకునే చోటు కదా అది. హైదరాబాదులో 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ లాంటి చోటికి వెళ్లి ముందు శిక్షణ ఇమ్మని అడుగు. మొదట్లో వారానికి ఒక్కరోజు, రెండు గంటలు చాలు. రోజూ వస్తానని మాటిచ్చి నెలకే మానేస్తే, నీకోసం గుమ్మంకేసి చూసే మనిషి తట్టుకోలేరు. మీ ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే ఓ ఏడాది ఆగు తల్లీ.

చేతులు సబ్బుతో కడుక్కుని గదిలోకి వెళ్లు. సెంటు పూసుకోకు, కడుపులో తిప్పేవాళ్లకి ఆ వాసన పడదు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, వాళ్ల కళ్లకి ఎదురుగా కూర్చో. "మీకేం కాదు, తగ్గిపోతుంది" అని మాత్రం అనకు. ఆ మాట విన్నాక తమ భయాన్ని నీతో చెప్పుకోలేరు. జబ్బు సంగతి రోగికి చెప్పకుండా దాచడం మన ఇళ్లలో మామూలే. "నాకేమైందమ్మా?" అని నిన్నే అడిగితే అబద్ధమాడకు, అలాగని నిజం చెప్పడమూ నీ పని కాదు. "మీకేమనిపిస్తోందండీ?" అని అడిగి, చెప్పింది విని, నర్సుకి తెలియజెయ్యి.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మందు అలవాటైపోతుందని భయపడి ఇంటివాళ్లు మాత్ర ఎగ్గొడతారు. నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో, వేళకి వేసుకుంటే ఆ భయం అక్కర్లేదు. మలబద్ధకం మాత్రం వస్తుంది, విరేచనం కాలేదంటే నర్సుకి చెప్పు. మందు మాత్రం నీ చేత్తో ఇవ్వకు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది నీళ్ల దగ్గర. చివరి రోజుల్లో మింగే శక్తి పోతుంది. ప్రేమకొద్దీ ఎవరో తులసితీర్థం గొంతులో పోయబోతారు. అది ఊపిరితిత్తుల్లోకి దిగితే ఉక్కిరిబిక్కిరైపోతారు. వద్దని చెయ్యి పట్టుకుని ఆపితే ఇంటివాళ్ల మనసు విరిగిపోతుంది. గాయాలకి కట్టే పల్చటి గాజుగుడ్డ ముక్కని ఆ తీర్థంలోనే ముంచి, చుక్క కారకుండా పిండి, పెదవులకీ బుగ్గల లోపలికీ అద్దమని చూపించు. పళ్ల మధ్య వేలు పెట్టనివ్వకు, రోగికి తెలియకుండానే పళ్లు బిగుసుకుంటాయి.

ఆఖరి గంటల్లో గొంతులో గురగురమంటుంది, ఊపిరి ఆగి ఆగి వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు హడలిపోతారు. చివర్లో ఊపిరి అలాగే ఉంటుందని చెప్పు, పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టడానికి నర్సుని పిలు. రోగికి మాటలు వినిపిస్తూ ఉండవచ్చు, చెయ్యి పట్టుకుని మాట్లాడుతూ ఉండమని ఇంటివాళ్లకి చెప్పు. నీ కుర్చీ వాళ్లకిచ్చి, నువ్వు గోడవారగా నిలబడు.