అవార్ సమాధుల పట్టికలో సున్నా గురించి, ఒక యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

తూర్పు గడ్డిమైదానాల నుంచి వచ్చిన సంచార జాతి అవార్ల సమాధుల్లో ఏ వస్తువులు, ఏ జంతువుల ఎముకలు ఎవరి పక్కన దొరికాయో లెక్కగట్టిన నీ చిత్తుప్రతి చదివాను. పరీక్షలన్నీ చేశావు, గ్రాఫులు ముచ్చటగా ఉన్నాయి. పేచీ అంతా పట్టికలోనే. ఒక్కో సమాధిలో వస్తువు దొరికితే 1, దొరకకపోతే 0 వేసుకుంటూ పోయావు. ఆ సున్నాలన్నీ ఒకటి కావు.

అవార్లు 568 నుంచి 800 దాటేదాకా హంగరీ మైదానంలోనూ చుట్టుపక్కలా పాతిపెట్టిన సమాధుల్లో చాలావాటిని పాతకాలంలోనే దొంగలు తవ్వారు. రెండు వేలకు పైగా సమాధులున్న హంగరీలోని జమార్డి శ్మశానానిదీ అదే గతి. దొంగకు కావలసింది లోహం. నడుము దగ్గర బెల్టు బిళ్ళలు ఎత్తుకుపోయి, పాదాల దగ్గర కోడి ఎముకలు వదిలేస్తే, నీ పట్టికలో అతను బెల్టు లేని పేదవాడు అవుతాడు. అందుకని 1, 0లతో పాటు 'తెలియదు' అనే మూడో గుర్తు పెట్టు. తల, నడుము, పాదాలు అని సమాధిని భాగాలు చేసి, చెదిరిన భాగంలో ఉండాల్సిన వస్తువులకే ఆ గుర్తు వెయ్యి. అప్పుడు ఒక్కో వస్తువుకు మొత్తం సమాధుల సంఖ్య వేరుగా వస్తుంది. శాతం రాసిన ప్రతిచోటా ఆ సంఖ్య పక్కనే ఉండాలి.

జంతువుల ఎముకల్లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. మట్టి జల్లెడ పట్టని తవ్వకంలో గుడ్డు పెంకులు చాలావరకు దక్కవు. పాత తవ్వకాల్లో ఎముకలు పారేసినవీ ఉన్నాయి. ఆ నివేదికల్లోని 'కోడి లేదు'ను సున్నాగా తీసుకోకు. గొయ్యి పూడ్చిన మట్టిలో దొరికినదాన్నీ, అస్థిపంజరం పక్కన అడుగున దొరికినదాన్నీ వేరు చెయ్యి. బొరియ తవ్వుకుని వచ్చి చచ్చిన ఎలుకజాతి జీవి నైవేద్యం కాదు కదా! ఎముకలు లెక్కపెట్టి జంతువులను పోల్చకు. నిండు కోడి అస్థిపంజరం వందకు పైగా ముక్కలిస్తుంది. మాంసంతో పెట్టిన గొర్రె త్రికాస్థి, అంటే నడుము కింద వెన్ను చివరి ఎముక, ఒక్కటే ముక్క. 'ఎన్ని సమాధుల్లో ఉంది' అన్నదే ఇక్కడ పనికొచ్చే లెక్క. కళ్ళెం, రికాబులతో పాతిన నిండు గుర్రాన్నీ, తల, కాళ్ళు మాత్రమే పెట్టిన గుర్రాన్నీ, గుర్రపు మాంసం ముక్కనూ మూడు వరుసల్లో రాయి. పుంజా పెట్టా అన్నది కాలిముల్లు ఒక్కదాన్నే చూసి తేల్చకు. కొన్ని పెట్టలకూ ముల్లు వస్తుంది.

ఇక పరీక్షలు. 40 సమాధుల్లో 10 చోట్ల గుడ్లు, 8 పిల్లల సమాధులు అనుకుందాం. రెంటికీ సంబంధం లేకపోతే గుడ్లున్న పిల్లల సమాధులు ఆశించవలసినవి 8×10÷40, అంటే 2. అయిదుకు తక్కువ కాబట్టి, పెద్ద సంఖ్యలకే నప్పే కై-స్క్వేర్ పరీక్ష మీద భరోసా పెట్టుకోకుండా, చిన్న సంఖ్యలకూ పనికొచ్చే ఫిషర్ పరీక్ష వాడు. 20 రకాల వస్తువులను లింగంతో, వయసుతో పోల్చావు: 40 పరీక్షలు. 0.05 హద్దు దగ్గర, అంటే నూటికి అయిదు పొరపాట్లు ఒప్పుకుంటే, అసలు సంబంధమే లేకపోయినా సగటున రెండు 'ఫలితాలు' వస్తాయి. పరీక్షలు ఎక్కువైనప్పుడు హద్దును బిగించే హోల్మ్ సవరణ చెయ్యి. పూసలు చూసి స్త్రీ అని రాసుకున్న అస్థిపంజరాలను ముందే పక్కన పెట్టు. లేకపోతే పూసలు స్త్రీలవే అని రుజువు కావడంలో వింతేముంది? పిల్లలకు లింగం ఎముకల రూపాన్ని బట్టి నమ్మకంగా తేలదు, జన్యు పరీక్ష లాంటిది కావాలి.

సమాధుల పోలికకు, రెంటిలోనూ లేని వస్తువులను లెక్కలోకి తీసుకోని జకార్డ్ కొలత తీసుకో. లేకపోవడాన్నీ పోలికగా లెక్కించే మామూలు సరిపోలిక కొలతలో ఏమీ లేని రెండు గోతులు అన్నిటికంటే దగ్గరి చుట్టాలైపోతాయి. సమాధులనూ వస్తువులనూ పోలికను బట్టి ఒకే పటం మీద బిందువులుగా పెట్టే కరెస్పాండెన్స్ విశ్లేషణలో, ఒక్క సమాధిలోనే ఉన్న వస్తువును తీసెయ్యి. అది పటంలో ఒక అక్షాన్నంతా లాక్కోవచ్చు. బిందువులు వంపు తిరిగి వరుస కడితే అది తరచు కాలక్రమం. ఒక కొసన రేకు మీద అచ్చొత్తిన తొలికాలపు బెల్టు బిళ్ళలు, మరో కొసన పోతపోసిన, గ్రిఫిన్ (గద్ద తల, సింహం ఒళ్ళు ఉన్న కల్పిత జీవి) బొమ్మల మలికాలపు బిళ్ళలు ఉన్నాయేమో చూడు. ఉంటే దాన్ని హోదా అనకు. ఏ పోలికైనా కాలం వారీగా విడగొట్టే చెయ్యి. రెండు శతాబ్దాలు కలిపేస్తే లేని సంబంధం పుట్టవచ్చు.

ఇంకొకటి. 2024లో వెలువడిన జన్యు పరిశోధన నాలుగు అవార్ శ్మశానాల్లో 424 మందిని పరీక్షించి, తొమ్మిది తరాల వంశవృక్షం దాకా కట్టింది. పక్కపక్క సమాధులు తండ్రీకొడుకులవి కావచ్చు. ఒకే ఇంటి ఆచారాన్ని పది స్వతంత్ర సాక్ష్యాలుగా లెక్కపెట్టకు. సమాధులను కుటుంబ గుంపులుగా పట్టి, గుంపులోపలే లింగం, వయసు లాంటి లేబుళ్ళను యాదృచ్ఛికంగా మళ్ళీ మళ్ళీ తారుమారు చేసి చూసే పర్ముటేషన్ పరీక్ష నడుపు.

ముందు పట్టిక సరిచేసి పంపు. పరీక్షలు మళ్ళీ నడిపే దాకా నీ చివరి అధ్యాయం నేను చదవను.