పాఠకుల ప్రశ్నలు: స్పాక్ కోసం నియమం తప్పినవారు

ప్రశ్న: 'స్టార్ ట్రెక్' తొలి ధారావాహికలోని 'అమాక్ టైమ్' ఎపిసోడ్‌ను ఇటీవలే చూశాను. వల్కన్ గ్రహానికి చెందిన నౌకాధికారి స్పాక్‌ను పెళ్లిపీటల దాకా రప్పించి అవమానించిన అతని కాబోయే భార్య టీప్రింగ్ పరమ స్వార్థపరురాలనీ, నౌక కెప్టెన్ కిర్క్ ఒక్కడే అతనికి నిజమైన ఆత్మీయుడనీ నాకు తోచింది. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ మాటలో సగంతో ఏకీభవిస్తాను. థియోడోర్ స్టర్జన్ రాయగా 1967 సెప్టెంబరు 15న రెండో సీజన్ తొలి భాగంగా ప్రసారమైన ఈ కథను నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. చూసిన ప్రతిసారీ ఒక విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇందులో స్పాక్ మీద ప్రేమ ఉన్న ప్రతి ఒక్కరూ అతని కోసం ఏదో ఒక కట్టుబాటును దాటారు. ఏ కట్టుబాటునూ దాటనిది టీప్రింగ్ ఒక్కతే.

కిర్క్ సంగతి అందరికీ తెలిసినదే. ఏడేళ్లకోసారి వల్కన్ పురుషులను పట్టే పోన్ ఫార్ అనే జతకట్టే ఉద్రేకం వల్ల, పెళ్లికి స్వగ్రహానికి చేరకపోతే స్పాక్ చనిపోతాడని తెలిసినప్పుడు, ఆల్టేర్ గ్రహానికే వెళ్లి తీరాలన్న తమ అంతరిక్ష దళమైన స్టార్‌ఫ్లీట్ ఆజ్ఞను పక్కన పెట్టి అతను నౌకను వల్కన్ వైపు మళ్లించాడు. ఉద్యోగం పోతుందని డాక్టర్ మెకాయ్ హెచ్చరిస్తే, తన ప్రాణాన్ని ఎన్నోమార్లు కాపాడిన మనిషి కోసం ఆ ఉద్యోగం పోతే మాత్రమేమని ఎదురడిగాడు. ఇంత చేసిన కిర్క్‌ను ఆత్మీయుడు కాదని ఎవరనగలరు?

అయితే 'ఒక్కడే' అన్న మీ మాటను నేను అంగీకరించలేను, ఎందుకంటే అక్కడ మెకాయ్‌కు అన్యాయం జరుగుతోంది. వరుడి వెంట అతని ఆప్తమిత్రులు నడవాలన్న ఆచారాన్ని చెప్పి, స్పాక్ మొదట కిర్క్‌ను ఆహ్వానించి, ఆ తరువాత మెకాయ్‌ను కూడా రమ్మంటాడు. నిత్యం ఎత్తిపొడుపులతోనే పొద్దుపుచ్చే ఆ డాక్టరు, ఈసారి ఒక్క చమత్కారమైనా విసరకుండా, అది తనకు గౌరవమని బదులిస్తాడు. ఆ గౌరవాన్ని అతను నిలబెట్టుకున్న తీరు చూడండి. పెళ్లి తంతులో టీప్రింగ్ ద్వంద్వయుద్ధం కోరి, తన తరఫున స్పాక్‌తో పోరాడడానికి కిర్క్‌ను ఎంచుకుంది. వల్కన్ గాలి పలుచనిదనీ, కిర్క్‌కు ఊపిరి అందడానికి మందిస్తాననీ సభలో అందరి ఎదుటా చెప్పి, నిజానికి చచ్చినట్లు పడిపోయేలా చేసే మందును ఎక్కించాడు. పవిత్రమైన తంతులో పచ్చి అబద్ధమాడి, ఇద్దరు మిత్రులనూ దక్కించుకున్నాడు. నా మట్టుకు నాకు ఈ కథలో నాయకుడు మెకాయే.

స్పాక్ సైతం కట్టుబాటు తప్పినవాడే. పోన్ ఫార్ తాలూకు రక్తజ్వరం ముదిరిన వరుడు మాట్లాడడం ఆ జాతిలో వినని సంగతి. అటువంటి స్థితిలోనూ అతను పెదవి విప్పి, మిత్రుడితో పోరాటం వద్దని పెద్దరాలైన టీపాను వేడుకున్నాడు. నీవు వల్కనువా, మనిషివా అని ఆమె నిలదీసినా అతను ఆ మాటే పట్టుకుని బతిమాలాడు. కిర్క్‌ను తన చేతులతోనే చంపానని నమ్మి నౌకకు తిరిగివచ్చి, బతికున్న అతన్ని చూడగానే పేరు పెట్టి పిలుస్తూ రెండు చేతులతో పట్టుకుని నవ్విన ఆ నవ్వుకు అంత బలం రావడానికి ఈ వేడుకోలే కారణం. ఆ వెంటనే స్టార్‌ఫ్లీట్‌కు సమర్థుడైన కెప్టెన్ మిగిలాడన్న ఊరట మాత్రమే అది అని అతను సర్దుకోవడం, మెకాయ్ దానిని కొంచెమైనా నమ్మకపోవడం మరింత ముచ్చటగా ఉంటాయి.

ఇక టీప్రింగ్. ఏడేళ్ల వయసులో పెద్దలు ముడివేసిన బంధం అది. ఎదిగేసరికి స్పాక్ పేరు వారి జాతిలో గాథగా మారింది. ఒక గాథకు భార్యగా బతకడం ఆమెకు ఇష్టం లేదు. స్టాన్ అనే మరో వల్కన్ మీద మనసు పడింది. విడిపోవడానికి వారి చట్టం ఆమెకు చూపిన దారి ద్వంద్వయుద్ధం ఒక్కటే. కిర్క్ గెలిస్తే ఆమెను కోరడు, స్పాక్ గెలిస్తే సవాలు చేసినందుకు వదిలేస్తాడు, ఒకవేళ వదలకపోయినా అంతరిక్షంలోకి వెళ్లిపోతాడు గనుక స్టాన్ ఎలాగూ ఉంటాడు. ఆ లెక్కలో లోపం లేదని స్పాకే మెచ్చుకున్నాడు. ఏ సంబంధమూ లేని కిర్క్ ప్రాణాన్ని పావుగా వాడుకోవడం క్రూరమే, దానిని నేను సమర్థించను. కానీ చిన్నతనంలో తన ఊసే ఎత్తకుండా తన బతుకును నిర్ణయించిన చట్టాన్ని, అక్షరం పొల్లుపోకుండా అదే చట్టంతో తెంచుకున్న స్త్రీని స్వార్థపరురాలని కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు. కోరుకున్నది దక్కాక కోరుకున్నప్పటంత బాగుండకపోవచ్చునని స్పాక్ వెళ్తూ వెళ్తూ అన్నది స్టాన్‌తోనే తప్ప ఆమెతో కాదన్నది కూడా గమనించండి.

ప్రశ్న: మరి నర్సు చాపెల్ సంగతేమిటి?
– అదే పాఠకురాలు

సమాధానం: ఆమె ప్రేమగా తెచ్చిన ప్లోమీక్ అనే వల్కన్ సూప్‌ను మొదట గోడకేసి కొట్టిన స్పాక్, వల్కన్‌కు వెళ్తున్నామని ఆమె నోట విన్నాక, ఆ సూప్‌నే చేసిపెట్టమని తానే అడుగుతాడు, క్రిస్టీన్ అని పేరు పెట్టి పిలుస్తాడు కూడా. ఆ కొన్ని క్షణాల్లో ఇద్దరి మధ్యా ఉన్నదంతా చెప్పేశారు. పెళ్లి తప్పిపోయిన తరువాత వారిద్దరూ ఏకాంతంగా మాట్లాడుకునే సన్నివేశం ఒక్కటైనా రాయలేదన్నదే రచయిత మీద నాకున్న ఫిర్యాదు.