పాట మీద పేచీలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం 'ఎవరు గొప్ప?' అన్నవే. వాటిని పక్కన పెట్టాం. ఫలానా పాటలో, ఫలానా చోట, ఫలానా వాయిద్యం దగ్గర ఏదో తేడాగా ఉందని రాసినవారికి ముందుగా జవాబులు.

మా తమ్మునికి పింక్ ఫ్లాయిడ్ అంటే పిచ్చి. వాడు పెట్టే 'మనీ' పాటకు నేను చప్పట్లు కొడితే నాలుగు చుట్లు తిరగకముందే జారిపోతున్నది. వాళ్లకు తాళం రాదని నేనంటున్న, నాకే రాదని వాడంటున్నడు. నేను భజన మండలిల పదేండ్ల సంది ఢోలక్ వాయిస్తున్న. తప్పెవరిది?
*– ఒక పాఠకుడు, హన్మకొండ*

ఈసారికి తమ్ముడే గెలిచాడు. బ్రిటన్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 1973లో తెచ్చిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బమ్‌లోని ఆ పాట నడక చుట్టుకు ఏడు దెబ్బలు. భజనలో మీ చేతికి నాలుగు, ఎనిమిది అలవాటు. ఏడో దెబ్బ తర్వాత లేని ఎనిమిదో దెబ్బను చేయి తనంతట తానే వేసేస్తోంది. చుట్టుకొక్క దెబ్బ చొప్పున వెనకబడితే నాలుగో చుట్టుకు పాట ఒకచోట, మీరు ఒకచోట.

పాట మొదట్లో చిల్లర గలగల, గల్లాపెట్టె చప్పుడు, కాగితం చింపిన చప్పుడు వస్తాయి కదా, వాటిని లెక్కపెట్టండి, ఏడుంటాయి. ఒక్కో చప్పుడున్న టేపు ముక్కను కొలిచి కత్తిరించి, వరసగా అతికించి, చుట్టలా తిప్పుతూ రికార్డు చేశారు. అందుకే ఆ ఏడూ సమానంగా పడతాయి. వాటి మీద 'తకిట తకధిమి' పట్టుకోండి. బేస్ గిటార్ వచ్చాక కూడా అదే లెక్క. శాక్సోఫోన్ సోలో కూడా ఏడులోనే నడుస్తుంది. ఆ తర్వాతి గిటార్ సోలో దగ్గర మాత్రం పాట నాలుగులోకి మారుతుంది. అక్కడ మీ భజన చేయి హాయిగా పనిచేస్తుంది. సోలో అయిపోయి మాటలు తిరిగొచ్చే ముందు మళ్లీ ఏడు. మొదటి మలుపును చాలామంది పట్టుకుంటారు. తప్పేది ఈ రెండో మలుపులోనే, అప్పటికి చేయి నాలుగులో కుదురుకొని ఉంటుంది కాబట్టి.

మండలిలో ఇంకో తిరకాసు కూడా ఉంటుంది, చూసుకోండి. తబలా దారిలో నేర్చినవారికి రూపక్ అంటే ఏడు మాత్రలు. కర్ణాటక పద్ధతిలో రూపకం ఆరుతో లెక్క. ఇద్దరూ ఒకే మండలిలో కూర్చుని 'రూపకం పట్టు' అనుకుంటే ఇక చూడాల్సిందే. పాడేముందే ఏడా, ఆరా అని అడిగేయడం మేలు.

ఏడు కుదిరాక జాజ్ బృందం డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ 'టేక్ ఫైవ్' (1959, 'టైమ్ అవుట్' ఆల్బమ్) పట్టండి. ఇది అయిదు. మన ఖండచాపులో ముందు రెండు, తర్వాత మూడు. ఇందులో ముందు మూడు, తర్వాత రెండు. పియానో ఒకే వరుసను పట్టుకుని ఉంటుంది, డ్రమ్స్ సోలోలో కూడా వదలదు. జారినా మళ్లీ ఎక్కడానికి ఆ వరుసే ఆసరా.

మా నాయిన కొన్న ఒగ్గుకథ క్యాసెట్లు శానా ఉన్నయి. టేప్ రికార్డర్ల పెడితే గొంతు మీద దుప్పటి కప్పినట్టు వినబడ్తున్నది. షాపుల ఇస్తే ఫోన్లకు ఎక్కించి ఇచ్చిన్రు గాని డోలు కొట్టినప్పుడల్లా గరగర. ఇంట్లనే చేసుకునే దారి ఉన్నదా?
*– ఒక పాఠకురాలు, మంచిర్యాల*

ఉంది, ఖర్చు కూడా పెద్దగా కాదు. ఓపికే ఎక్కువ కావాలి. చుక్క సత్తయ్య లాంటి పెద్ద కళాకారుల కథలు ఇప్పుడు నెట్‌లోనూ దొరుకుతున్నాయి. ఊళ్లో మల్లన్న పట్నం (ముగ్గు) వేసిన రాత్రి ఎవరో టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్న కథ మాత్రం మీ క్యాసెట్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు. ముందు అలాంటివాటిని ఏరి పెట్టుకుని, వాటితోనే మొదలుపెట్టండి. కంపెనీ క్యాసెట్లు ఆగినా నష్టం లేదు.

క్యాసెట్ పెట్టేముందు చూడాల్సినవి మూడు. టేపు కనిపించే అంచున నడిమధ్యలో, సన్న రేకు మీద చిన్న ఉన్ని ముక్క ఉంటుంది. టేపును హెడ్‌కు ఒత్తిపెట్టేది అదే. జిగురు ఎండి అది రాలిపోతే మీరు చెప్పిన దుప్పటి గొంతే వస్తుంది. ఒగ్గుకథ ఏమీ పాడవలేదు, పెట్టెదే లోపం. మూలల్లో మరలున్న మంచి పాత క్యాసెట్ ఒకటి విప్పి, ఈ రెండు చుట్టలనూ దాంట్లోకి మార్చండి. రెండోది, టేపు చుట్ట మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. అలాంటిది మిషన్‌లో పెడితే బూజు హెడ్‌కు అంటి, తర్వాత పెట్టిన క్యాసెట్‌కు కూడా పాకుతుంది. దాన్ని విడిగా ఉంచండి. మూడోది, వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పళ్లు విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా కథ చెరిగిపోదు.

మిషన్ సంగతికొస్తే, హెడ్, దాని పక్కన తిరిగే సన్నటి ఇనుప కడ్డీ ఏళ్ల తుప్పురంగు పొడితో నల్లబడి ఉంటాయి. చెవి పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పుల్లకు రంగు అంటడం ఆగేదాకా తుడవండి. రబ్బరు చక్రానికి మాత్రం ఆల్కహాల్ వద్దు, సబ్బు నీళ్ల తడిగుడ్డ చాలు. ఏళ్లుగా కదలని క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటిదాకా వెనక్కి తిప్పాకే ప్లే చేయండి. అతుక్కున్న పొరలు విడిపోతాయి.

ఇక షాపులవాళ్లు సాధారణంగా ముట్టుకోని పని ఒకటుంది. హెడ్ పక్కన స్ప్రింగున్న చిన్న మర ఉంటుంది. క్యాసెట్ రికార్డయిన మిషన్‌లో హెడ్ ఏ వాలులో ఉందో, మీ మిషన్‌లోనూ అదే వాలు ఉండాలి. లేకపోతే సన్నటి శబ్దాలన్నీ మొద్దుబారతాయి. కథ నడుస్తుండగా సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఆ మరను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పండి, పావు చుట్టు దాటనక్కర్లేదు. చెవి తాళాల మీద పెట్టండి, గొంతు మీద వద్దు. తాళం గణగణ ఎక్కడ అన్నిటికన్నా పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి. ఇంట్లో పట్టుకున్న క్యాసెట్లకు ప్రతిదానికీ ఈ పని మళ్లీ చేయాల్సిందే, ఒక్కోటి ఒక్కో మిషన్‌లో రికార్డయి ఉంటుంది.

టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు వైరు కలపాలి. ల్యాప్‌టాప్‌కున్న ఒక్క రంధ్రంలో పెడితే అది మైకు దారి. మోనోలోనే తీసుకుంటుంది, సౌండ్ కూడా పగులుతుంది. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. ఉచితంగా దొరికే ఆడాసిటీ ప్రోగ్రామ్‌లో 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో పెట్టుకోండి. మీ షాపతని గరగరకు కారణం బహుశా లెవెల్. ఒగ్గుకథలో కథకుడు వచనం చెప్పేటప్పుడు మెల్లగా ఉంటుంది, డోలు అందుకోగానే ఒక్కసారిగా లేస్తుంది. వచనం దగ్గర లెవెల్ పెట్టి రికార్డు నొక్కేస్తే ప్రతి డోలు దెబ్బా చిట్లుతుంది. చిట్లినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి అతకలేదు. ముందే క్యాసెట్ తిప్పి డోలు జోరుగా ఉన్న చోటు పట్టుకుని, ఆ దెబ్బ ఆడాసిటీ మీటర్‌లో మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి. వచనం తగ్గి వినిపిస్తే తర్వాత పెంచుకోవచ్చు.

ముందు వేవ్ ఫైలుగానే దాచండి. గంటకు దాదాపు 635 ఎంబీ అవుతుంది. ఫ్లాక్‌గా మారిస్తే నాణ్యత తగ్గకుండా సుమారు సగానికి వస్తుంది. ఫోన్‌లో వినడానికి 192 కేబీపీఎస్ ఎంపీ3 చాలు, గంటకు 86 ఎంబీ. టేపు ఉస్సుమనే శబ్దం తీయాలంటే 6 నుంచి 8 డెసిబెల్స్‌కు మించి తీయొద్దు. మించితే తాళాలు నీళ్లలో మోగినట్టు అవుతాయి. నిశ్శబ్దం ఉన్నచోటల్లా ఫైలును ముక్కలు చేసే ఆప్షన్ జోలికి పోవద్దు. కథకుడు ఆగి పక్కవాద్యం వాళ్ల జవాబు కోసం చూసే జాగాలను కూడా అది కోసేస్తుంది. ఫైలు పేరులో కథ పేరు, ఎన్నో క్యాసెట్, ఏ వైపు అన్నది తప్పక రాయండి. సీ-60 అయితే వైపుకు అరగంటే. బీరప్ప కథ సగంలో ఆగి ఎక్కడ మొదలవుతుందో రేపు మీకే తెలియదు.

తాత కాలం నాటి 78 స్పీడు రికార్డులను స్పిరిట్‌తో తుడవచ్చా?
*– నర్సంపేట*

వద్దు. అవి లక్కతో చేసినవి, స్పిరిట్‌లో కరుగుతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెల సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంట తుడిచి, లేబుల్ తడవకుండా నీడలో ఆరబెట్టండి. ఎల్పీ ముల్లుతో వాయించొద్దు. ఆ ముల్లు సన్నం, వెడల్పాటి గాడి అడుగున పడి దుమ్మునే వాయిస్తుంది. 78కి ప్రత్యేకంగా 3 మిల్ (అంగుళంలో వెయ్యోవంతులు మూడు) ముల్లు వస్తుంది. కీ ఇచ్చే గ్రామఫోన్ అయితే ఇనుప ముల్లును ఒక వైపు కాగానే మార్చాలి.

సినిమా పాటలు కాకుండా, జానపదం మీద నిలబడ్డ మన దేశపు బ్యాండ్లు చెప్పండి. మా హాస్టల్‌లో అందరం గిటార్ వాళ్లమే. దప్పు కలపాలని ఉంది.
*– నిట్ విద్యార్థి, వరంగల్*

మొదట ఇండియన్ ఓషన్ 'కందీస' (2000). నర్మద మీది జానపదం 'మా రేవా', కేరళ సిరియన్ క్రైస్తవులు అరమాయిక్‌లో పాడే స్తోత్రం మీద కట్టిన 'కందీస', రెండూ ఒకే ఆల్బమ్‌లో ఉన్నాయి. వినేటప్పుడు గిటార్‌ను వదిలేసి, అసీమ్ చక్రవర్తి తబలా పక్కన అమిత్ కిలమ్ డ్రమ్స్ ఎంత తక్కువ వాయిస్తాడో గమనించండి. ఇద్దరూ ఒకే దెబ్బ వేయరు. మీ బ్యాండు నేర్చుకోవాల్సింది అదే. తర్వాత మలయాళం రాక్ బ్యాండ్ అవియల్ 2008 ఆల్బమ్. ఆ తర్వాత శక్తి బృందం మొదటి ఆల్బమ్ (1976), అందులో 18 నిమిషాల 'జాయ్'. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం, రామ్‌నాడ్ రాఘవన్ మృదంగం, అంతే. డ్రమ్స్ లేవు, బేస్ లేదు, అయినా ఎక్కడా ఖాళీ కనిపించదు. 2024లో గ్రామీ తెచ్చిన 'దిస్ మూమెంట్' కూడా శక్తిదే, బాగుంటుంది కానీ మా ఓటు పాతదానికే.

ఇక దప్పు. కాలేజీ వేదికల మీద దప్పు కలిపిన బ్యాండ్లు ఎక్కువగా చెడగొట్టేది మైకు దగ్గర. కుడిచేతి సిర్ర (లావు పుల్ల) దెబ్బ లావు, ఎడమచేతి సన్నపుల్ల దెబ్బ పలుచన. మైకును చర్మానికి ఆనించి పెడితే సిర్ర మాత్రమే మిగులుతుంది. ఒకటి, ఒకటిన్నర అడుగుల దూరంలో, అంచు వైపు తిప్పి పెట్టండి. సన్నపుల్ల చిటపట అప్పుడే వస్తుంది. వానకాలంలో చర్మం చల్లబడి ఊరుతుంది. వేదిక ఎక్కేముందు మంట దగ్గర కాచి, మూడు నాలుగు పాటలకోసారి మళ్లీ కాచాలి. ఆ వీలు ఉందో లేదో నిర్వాహకులను ముందే అడగండి. కిక్ డ్రమ్ వాయించేవారిని దప్పు ఉన్న పాటలో వాయించకుండా పక్కన కూర్చోబెట్టేయండి. రెండూ ఒకే జాగా కోసం కొట్టుకుంటాయి.

ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' గొప్పదా, 'నథింగ్ బట్ విండ్' గొప్పదా?
*– జమ్మికుంట*

'గొప్ప' ప్రశ్నే అయినా రెండు ఆల్బమ్‌ల పేర్లు రాశారు కాబట్టి చెబుతాం. మొదటిది (1986). త్యాగరాజుకు, జర్మన్ స్వరకర్త బాఖ్‌కు అంకితం చేసిన ఆల్బమ్ అది. వి.ఎస్. నరసింహన్ వయొలిన్ ఒక గొంతు పాడుతుంటే కింద ఇంకో గొంతు దానికి ఎదురు జవాబు చెబుతుంది. రెండూ విడివిడిగా వినపడేదాకా కనీసం హెడ్‌ఫోన్స్‌తో వినండి. 1988 నాటి రెండోదాంట్లో హరిప్రసాద్ చౌరాసియా వేణువు ముందుంటుంది, వాద్యబృందం వెనక నిలబడుతుంది. అది ఎక్కువ హాయి, మొదటిది ఎక్కువ పని.

సాంచాల (మరమగ్గాల) మోతల పాట వినబడక ఇయర్‌ఫోన్ల సౌండ్ ఫుల్లు పెడుతున్న. రాత్రి చెవుల గుయ్యిమంటున్నది. మోతను కొట్టే మంచి ఇయర్‌ఫోన్ చెప్పండి.
*– సిరిసిల్ల*

గుయ్యిమనడం మొదలైందంటే సౌండ్ ఎక్కువైందనే. రెండు రోజులు దాటినా తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించండి. లెక్క ఇది. 85 డెసిబెల్స్ మోతను చెవి ఎనిమిది గంటలు ఓర్చుకుంటుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100కు చేరితే పదిహేను నిమిషాలే. సాంచాల మోతే మీ పద్దును తినేస్తోంది, దాని మీద పాటను గెలిపించాలని చూస్తే రెండూ కలిసి చెవినే కొడతాయి. మోతను తగ్గించే ఖరీదైన ఇయర్‌ఫోన్లు బస్సు, ఫ్యాను లాంటి ఒకే తీరు గుర్రుమనే మోతకు పనిచేస్తాయి. నాడె (మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే పనిముట్టు) టకటక మీద అంతగా పనిచేయవు. పని చేసేటప్పుడు చెవిలో మెత్తటి నురుగు ప్లగ్గులు పెట్టుకోండి. పాటలు చాయ్ తాగేటప్పుడు, బయటికొచ్చి వినండి.

లైవ్ ఆల్బమ్ ఫోన్‌ల వింటే పాటకు పాటకు నడుమ చప్పట్లు తెగిపోతున్నయి. ఒక్కోసారి ఒక పాట మీద ఇంకోటి ఎక్కుతున్నది. నెల కాకముందే డేటా కూడా అయిపోతున్నది.
*– కాజీపేట*

యాప్ సెట్టింగుల్లో క్రాస్‌ఫేడ్‌ను సున్నా చేయండి, గ్యాప్‌లెస్ అని ఉంటే ఆన్ చేయండి. షఫుల్ ఆపి, ఆల్బమ్ మొదటి పాట నుంచి పెట్టండి. ఎంపీ3 ఫైళ్లుగా దింపుకున్నవైతే తెగడం ఫైలు లోపమే, ఫ్లాక్‌లో తెచ్చుకోవాలి. డేటా సంగతి: 320 కేబీపీఎస్‌లో గంటకు 144 ఎంబీ, 96లో 43 ఎంబీ. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు 320లో డౌన్‌లోడ్ చేసుకుని, రైల్లో ఆఫ్‌లైన్‌లో వినండి.