పాత స్కిడ్ స్టీర్ లోడరుకు ఆగ్జిలరీ హైడ్రాలిక్స్ పెట్టేటప్పుడు ముందుగా రిటర్న్ లైను చూడండి

ఆర్మ్ ఎత్తడానికి, బకెట్ వంచడానికి తప్ప అదనపు పరికరాలను నడిపే మూడో లైను (ఆగ్జిలరీ హైడ్రాలిక్స్) లేని పాత లోడరుకు గుంతలు తవ్వే ఆగర్ బిగించాలంటే, వాల్వ్ బ్లాకు నుంచి రెండు హోసులు లాగి కప్లర్లు (హోసులను తగిలించే, విడదీసే జాయింట్లు) పెడితే చాలునా అని అడిగారు. పని చేసి వచ్చిన ఆయిల్ ఏ దారిన (అదే రిటర్న్ లైను) ట్యాంకుకు చేరుతుందో తేలితే తప్ప దీనికి జవాబు చెప్పలేము. నా లోడరుకు ఈ పని చేసినప్పుడు ప్రెజర్ లైను గురించి వారం రోజులు ఆలోచించాను, రిటర్న్ లైను గురించి పది నిమిషాలు కూడా ఆలోచించలేదు. తరువాత వచ్చిన చిక్కులన్నీ ఆ రెండోవైపు నుంచే వచ్చాయి.

చక్రాలను తిప్పే హైడ్రోస్టాటిక్ పంపులు వేరు, ఆర్ములను నడిపే గేర్ పంపు వేరు. మీ ఆగరుకు దొరికేది ఈ గేర్ పంపు ఆయిలే. అరిగిన పంపు చల్లగా, లోడు లేకుండా ఉన్నప్పుడు బాగానే పోస్తుంది, వేడెక్కి ప్రెజర్ పెరిగాక తగ్గిపోతుంది కాబట్టి ఫ్లో మీటరుతో ఆ స్థితిలోనే కొలవాలి. నా పంపు నిమిషానికి 57 లీటర్లు ఇవ్వాల్సింది, 45 ఇచ్చింది. ప్రెజరును బార్లలో, ఫ్లోను నిమిషానికి లీటర్లలో తీసుకుని గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 140 బార్ దగ్గర అది పదిన్నర కిలోవాట్లు. ఆగర్ మోటారుకు కావలసిన కనిష్ఠ ఫ్లో మీరు కొలిచిన ఫ్లో కంటే ఎక్కువైతే హోసులు కొనకముందే ఆగిపోవడం మంచిది.

తరువాత వాల్వ్ బ్లాకు. మూడో స్పూలు (ఆయిల్ దారి మార్చే జారుడు కడ్డీ) ఉండి దాని పోర్టులకు ప్లగ్గులు మాత్రమే బిగించి ఉంటే మీరు అదృష్టవంతులు. నా బ్లాకులో రెండే స్పూళ్లు ఉన్నాయి. విడిగా ఒక వాల్వ్ తెచ్చి, పాత బ్లాకు ట్యాంకు పోర్టు నుంచి వచ్చే హోసును దానికి కలిపాను. ఓపెన్ సెంటర్ బ్లాకులో స్పూళ్లు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ నేరుగా ఆ పోర్టు గుండానే పోతుంది కదా, పని జరుగుతుందనుకున్నాను. జరిగింది కూడా, ఆగర్ గట్టి నేలను తాకేవరకు. ఆ క్షణాన కొత్త వాల్వ్ దగ్గర పుట్టిన ప్రెజరంతా పాత బ్లాకు ట్యాంకు గదిలోకి వెనక్కి ఎక్కి, అంత ఒత్తిడికి తయారుకాని స్పూలు చివరి సీళ్లను బయటికి నెట్టేసింది. బ్లాకు పగలకపోవడం నా అదృష్టం. ఇందుకు కావలసింది పవర్ బియాండ్ స్లీవ్: అది తరువాతి వాల్వుకు వెళ్లే ప్రెజర్ దారిని ట్యాంకు దారి నుంచి వేరుచేస్తుంది. అది బిగించాక పాత బ్లాకు ట్యాంకు పోర్టుకు, కొత్త వాల్వ్ ట్యాంకు పోర్టుకు వేర్వేరుగా రిటర్న్ ఉండాలి. ఈ అమరికలో ఆర్మును పూర్తిగా ఎత్తుతున్నప్పుడు ఆగర్ ఆగుతుంది, కానీ తవ్వే పనిలో అది పెద్ద ఇబ్బంది కాదు. బలం చాలలేదని రిలీఫ్ వాల్వ్ (ప్రెజర్ హద్దు దాటకుండా ఆయిల్ వదిలేసే వాల్వ్) సెట్టింగు మాత్రం పెంచకండి.

ఆగరుకు మోటారు స్పూలు తీసుకోండి. సిలిండర్ స్పూలు న్యూట్రల్‌లో రెండు పోర్టులనూ మూసేస్తుంది, తిరుగుతున్న మోటారు ఒక్కసారిగా గోడకు కొట్టుకున్నట్టు అవుతుంది. మోటారు స్పూలు రెండింటినీ ట్యాంకుకు వదిలి నెమ్మదిగా ఆగనిస్తుంది. రేపు గ్రాపిల్ (దుంగల వంటివి పట్టుకునే పంజా) కూడా వాడాలనుకుంటే, పట్టు నిలవడానికి సిలిండర్ స్పూలే కావాలి, దానితోపాటు, మోటారు ఒక్కసారిగా ఆగినప్పుడు పెరిగే ప్రెజరును ఒక లైను నుంచి రెండో లైనులోకి వదిలే క్రాస్ఓవర్ రిలీఫ్ కూడా పెట్టాలి. లీవరు నిలిచి ఉండే డిటెంట్ నేను ఒకవైపే పెట్టుకున్నాను. ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు అది న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

మోటారుకు మూడో చిన్న పోర్టు ఉంటే అది కేస్ డ్రెయిన్, అంటే మోటారు లోపల కారిన ఆయిల్ బయటికి పోయే దారి. దానికి విడిగా సన్నని హోసు వేసి నేరుగా ట్యాంకుకు చేర్చాలి. నేను బద్ధకించి టీ ఫిట్టింగుతో రిటర్న్ లైనులో కలిపాను. చల్లటి ఉదయం చిక్కబడ్డ ఆయిల్ ఫిల్టర్ దగ్గర వెనక్కి తన్నడంతో షాఫ్ట్ సీలు పోయింది.

కప్లర్లు అరంగుళం ఫ్లాట్ ఫేస్‌వి, ఒకటి మగది ఒకటి ఆడది పెడితే హోసులు తారుమారు కావు. హోసుల పొడవును ఆర్ము పూర్తిగా ఎత్తి, బకెట్‌ను రెండు కొసలకూ వంచి చూశాకే నిర్ణయించండి. ఎత్తిన ఆర్ము కింద పనిచేసే ముందు సపోర్టు లాక్ వేయడం, లీకును చేత్తో కాక అట్టముక్కతో వెతకడం తప్పనిసరి, ఎందుకంటే సన్నని ధార చర్మం కింద దిగితే అది అత్యవసర శస్త్రచికిత్స దాకా పోతుంది.

మోటారు తగిలించే ముందు రెండు కప్లర్లనూ పొట్టి హోసుతో కలిపి కొద్ది నిమిషాలు ఆయిల్ తిప్పండి. హోసులు కోసినప్పుడు మిగిలిన రబ్బరు పొడి మోటారులోకి పోకుండా రిటర్న్ ఫిల్టరులో చిక్కుతుంది. అప్పుడే వాల్వుకు ముందు గేజీ పెట్టి చూడండి. ఏ పనీ చేయకుండా అక్కడ కనిపించే ప్రెజరంతా దారిలోనే వేడిగా మారిపోతోందన్నమాట. నాకు 35 బార్ చూపించింది, అంటే సుమారు 2.6 కిలోవాట్ల వేడి. రిటర్న్‌లో పెట్టిన సన్నని ఎల్బో తీసి పెద్దది వేస్తే 12కు దిగింది. అప్పటిదాకా నేను ఆయిల్ కూలరు కొనాలనే ఆలోచనలో ఉన్నాను.