బజర్ వైరు పీకకు అల్లుడా

మేనల్లుడికి, మామ ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పింది సగమే వినబడింది. ట్యాంక్‌బండ్ మీద బండ్ల హారన్లలో నీ మాట కొట్టుకుపోయింది. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది: స్పీడ్‌బోటు ఇంజన్‌లో ఏదో తేడా ఉందని హెచ్చరించే బజర్ ఉన్నట్టుండి మోగుతోంది, కాసేపటికి దానంతట అదే ఆగుతోంది. మెకానిక్ వచ్చిన రోజు మాత్రం నోరు మెదపట్లేదు. మీ ఓనర్ "ఆ వైరు పీకెయ్, ఎక్కిన జనం భయపడుతున్నారు" అన్నాడు. నువ్వు పీకలేదు. మంచి పని చేశావు. పీకితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒకసారి నేనే పీకాను.

చాలా ఏళ్ల కిందటి మాట. మన హుస్సేన్‌సాగర్ చెరువు కాదు, వేరే ఊరు. ఇరవై మంది పట్టే బోటు, లోపల డీజిల్ ఇంజన్. వేసవి సెలవులు, ఆదివారం, టికెట్ల దగ్గర లైను గేటు దాకా ఉంది. వేడి బజర్ కుయ్‌మని మోగడం, ఆగడం. మీటర్లో ముల్లు కూడా కొంచెం లేచి మళ్లీ కిందికి వస్తోంది. సెన్సర్ ఖరాబైందని నాకు నేనే తీర్పు చెప్పుకుని, డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి సాకెట్ లాగేశాను. హాయిగా అనిపించింది. మూడు ట్రిప్పులు తిప్పాను. నాలుగో ట్రిప్పులో కాలిన రబ్బరు వాసన, ఆ వెంటనే ఇంజన్ బిగుసుకుపోయింది. గాలి మమ్మల్ని రాళ్ల కట్ట వైపు నెడుతుంటే, ఇంకో బోటువాడు తాడు విసిరి ఒడ్డుకి లాక్కొచ్చాడు. ఆ ఇరవై మంది మొహాలు నాకింకా గుర్తే.

విప్పి చూస్తే నీళ్ల పంపులో నీళ్లు తోసే రబ్బరు చక్రానికి, అంటే ఇంపెల్లర్‌కి, రెండు రెక్కలు లేవు. ఊడిన ముక్కలు ఇంజన్ వేడిని నీళ్లకిచ్చే హీట్ ఎక్స్చేంజర్ నోట్లో పడి ఉన్నాయి. అడ్డం తిరిగితే నీళ్లు ఆగేవి, పక్కకి ఒరిగితే పారేవి. బజర్ వచ్చి పోయిందంతా అందుకే. అది అబద్ధం ఆడుతోందని నేననుకున్నాను. తప్పు వచ్చి పోతోంది కాబట్టే బజరూ వచ్చి పోయింది. మీటరు పెట్టి కొలిచి అబద్ధమని తేలేదాకా బజర్ మాట నిజమనే పట్టుకో.

ముందు నీ నీళ్ల మీది పని. బజర్ మోగగానే రేస్ తగ్గించి న్యూట్రల్ చెయ్యి. వెనక్కి తిరిగి ఇంజన్ని చల్లబరిచి పక్క నుంచి బయటికి పడే నీళ్ల ధార చూడు. ధార లేకపోయినా, ఆవిరి వస్తున్నా ఇంజన్ ఆపెయ్. మీటరు మీద ఆయిల్ గుర్తు వెలిగితే ధార గీర చూడకు, ఆ క్షణమే ఆపెయ్. ఆయిల్ ప్రెషర్ లేకుండా ఇంకో నిమిషం తిరిగితే ఇక బాగు చేయడానికి ఏమీ మిగలదు. ఆపాక బోటు గాలికి కొట్టుకుపోతుంది కాబట్టి లంగరు చేతికందేట్టు ముందే పెట్టుకో. తాడు చిక్కు పడి సీటు కింద ఉంటే అది లంగరు కాదు, బరువు. ఇంకోటి, బోటుని తోసే ఫ్యాన్, అదే ప్రొపెల్లర్, దగ్గర చెయ్యి పెట్టే ముందు తాళం చెవి తీసి జేబులో వేసుకో, ఇంజన్ని ఉన్నపళంగా ఆపే కిల్ స్విచ్ క్లిప్పు కూడా ఊడదియ్యి. ఈ ఒక్కదాంట్లో తొందర చూపిస్తే నేను నీతో మాట్లాడను.

ఇక వెతకడం. వచ్చిపోయే జబ్బుని పట్టాలంటే పానా కన్నా ముందు నోటు పుస్తకం కావాలి. పది రూపాయల బుక్కు ఒకటి కొని బోటులో పెట్టుకో. మోగిన ప్రతిసారీ రాయి: ఇంజన్ స్టార్ట్ చేసి ఎంతసేపైంది, ఎంత స్పీడులో ఉన్నావు, ఎంతమంది ఎక్కారు, ధార ఎలా ఉంది, బీప్ ఆగకుండా వచ్చిందా, ముక్కలు ముక్కలుగా వచ్చిందా, దేనితో ఆగింది. కొన్ని ఇంజన్లలో ఆగని మోతకి ఒక అర్థం, టక్‌టక్ మోతకి ఇంకో అర్థం. కంపెనీ కంపెనీకీ ఆ లెక్క మారుతుంది కాబట్టి పక్క బోటువాడు చెప్పింది నమ్మకు, నీ ఇంజన్ మాన్యువల్ తీసి చూడు. తాళం తిప్పగానే చాలా ఇంజన్లలో బజర్ ఒకసారి కూస్తుంది, తను బతికే ఉన్నానని చెప్పడానికి. నీదాంట్లో అది వస్తోందో లేదో రోజూ పొద్దున్నే విను.

నువ్వు చెప్పిన మాటల్లో ఒకటి నా చెవిలో పడింది. బుద్ధుడి విగ్రహం వెనక్కి తిరిగి ఫుల్ రేస్ ఇచ్చాక మోగుతుంది, స్లో చేస్తే ఆగుతుంది అన్నావు. నిజంగా అదే తీరైతే నా అనుమానం ముందు నీళ్ల దారి మీదే. నిమజ్జనం అయి నెల కాలేదు. ఆ వెనకే సద్దుల బతుకమ్మ. చెరువులో ఇప్పుడు దండల దారాలు, విగ్రహాల బట్టలు, కొబ్బరి పీచు, గునుగు ఈనెలు అన్నీ తిరుగుతుంటాయి. ఇక గుర్రపుడెక్క ఎప్పుడూ ఉండేదే. నీళ్లలోకి దిగే ఇంజన్ కాలు మీద నీళ్లు పీల్చే జల్లెడ ఉంటుంది చూడు, స్పీడులో వెళ్తుంటే పాలిథిన్ కవర్ ఒకటి వచ్చి దానికి అతుక్కుంటుంది. నువ్వు ఆపగానే పీల్పు తగ్గి కవర్ జారి పడిపోతుంది. ఒడ్డుకొచ్చి చూస్తే ఏమీ ఉండదు. మెకానిక్ ముందు మోగకపోవడంలో వింత లేదు, అతను జెట్టీ దగ్గర తాడు కట్టి స్లోలో చూశాడు. ఈసారి మోగినప్పుడు ఆపి, ఇంజన్ని అక్కడే పైకి ఎత్తి చూడు. జల్లెడ సందుల్లో ఇరుక్కున్న దారాలు పైపైన లాగితే తెగి లోపలికి పోతాయి. మెల్లగా, పట్టకారుతో తియ్యి.

జల్లెడ శుభ్రంగా ఉన్నా మోగితే ఇంపెల్లర్ విప్పు. మన చెరువు అడుగు బురద, ఇసుక. ఒడ్డున తక్కువ నీళ్లలో రేస్ ఇచ్చిన ప్రతిసారీ ఆ ఇసుక రబ్బరుని గీకుతుంది. కొత్త ఇంపెల్లర్ రెక్కలు నిటారుగా ఉంటాయి, పాతవి ఒక పక్కకి వంగి అలాగే ఉండిపోతాయి, వేలితో నిలబెట్టినా లేవవు. పంపు డబ్బా లోపలి గోడ మీద గోరు పెట్టి గీసి చూడు, గాడి తగిలితే డబ్బా కూడా మార్చాలి, లేకపోతే కొత్త రబ్బరు పెట్టినా నీళ్లు జారిపోతాయి. కొత్తది పెట్టేటప్పుడు సబ్బు నీళ్లు రాసి, ఇంజన్ తిరిగే దిక్కులోనే షాఫ్టు తిప్పుతూ కూర్చోబెట్టు. నీళ్లు పెట్టకుండా "ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం" అనే సరదా వద్దు. పొడిగా తిరిగితే కొన్ని సెకన్లలోనే రబ్బరు మాడిపోవడం మొదలవుతుంది.

థర్మోస్టాట్, అంటే వేడెక్కాక నీళ్ల దారి తెరిచే మూత, చూడటం అందరికీ తెలిసిందే. గిన్నెలో నీళ్లు కాచి, దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి, దాని మీద కొట్టి ఉన్న డిగ్రీల దగ్గర తెరుచుకుంటోందో లేదో చూడాలి. మా అక్క చాయ్ గిన్నె మాత్రం ముట్టుకోకు.

ధార గురించి ఇంకో మాట, ఇక్కడ చాలామంది పొరబడతారు. ధార సన్నగా ఉంటే ఆ గొట్టం మూతిలో చెత్త పడి ఉండొచ్చు, సన్న తీగతో పొడిస్తే పోతుంది. ధార బలంగా ఉంటే మాత్రం లోపలంతా చల్లగా ఉందనుకోకు. కొన్ని ఇంజన్లలో ఆ నీళ్లు థర్మోస్టాట్ దాకా పోకముందే బయటికి వస్తాయి. కోఠి గుజరాతీ గల్లీలో దూరం నుంచి వేడి కొలిచే లైటు థర్మామీటరు దొరుకుతుంది, మల్టీమీటరుతో కలిపి కొను. బజర్ మోగుతున్నప్పుడు ఇంజన్ తల మీద, సెన్సర్ పక్కన కొలువు. మామూలు రోజు, మామూలు స్పీడులో కూడా కొలిచి బుక్కులో రాసి పెట్టుకో, పోల్చడానికి అదే ఆధారం. ఎండలో ఫుల్ స్పీడు మీద వచ్చి ఇంజన్ ఆపి, పది నిమిషాలకి మళ్లీ సెల్ఫ్ కొడితే ఒకసారి కూసి ఆగడం వేరే సంగతి. ఆపగానే నీళ్లు కిందికి దిగిపోతాయి, లోపలి వేడి తలకెక్కుతుంది. నీళ్లు తిరగగానే అది తగ్గుతుంది. దానికి పంపు విప్పకు. ఈసారి నుంచి ఆపే ముందు రెండు నిమిషాలు స్లోలో వదులు, చాలు.

బుక్కులో ఇంకో తీరు కనబడితే, అంటే బాగా వేడెక్కాక స్లోలో మోగి రేస్ ఇస్తే ఆగితే, అప్పుడు ఆయిల్ వైపు చూడు. ఇంజన్ని నిటారుగా దించి, కాసేపు ఆగి ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడు. తక్కువుంటే సరే, పొయ్యి. ఎక్కువుంటే సంతోషించకు, ముక్కు దగ్గర పెట్టుకో. పెట్రోల్ వాసన వస్తే పెట్రోల్ ఆయిల్లోకి దిగుతోంది. రోజంతా జాయ్‌రైడ్ పేరుతో స్లోలో తిప్పే ఇంజన్లకి, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయి ఎప్పటికీ వేడెక్కని వాటికి ఈ రోగం వస్తుంది. పలచబడ్డ ఆయిల్ ప్రెషర్ పట్టదు. మార్చేటప్పుడు డబ్బా మీద ఎఫ్‌సీ-డబ్ల్యూ అని ఉన్న బోటు ఆయిలే పొయ్యి, మోటార్ సైకిల్ ఆయిల్ కాదు. ప్రెషర్ స్విచ్‌ని అనుమానించే ముందు దాన్ని విప్పి, ఆ చోట ముల్లు గేజీ బిగించి అసలు ప్రెషర్ చూడు. స్విచ్ మార్చి సరిపెట్టుకున్నవాళ్లు చాలామంది తర్వాత ఇంజనే మార్చారు.

అలల మీద ఎగిరినప్పుడే మోగితే పెట్రోల్లో నీళ్లు అనుకో. కొన్ని ఇంజన్లలో నీళ్లు వేరు చేసే ఫిల్టర్ అడుగున చిన్న తేలే బిళ్ల ఉంటుంది, నీళ్లు చేరితే అది పైకి లేచి బజర్ కొడుతుంది. బోటు ఊగినప్పుడు అది లేస్తూ దిగుతూ ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్. అది గాల్లో తేమని కూడా లాక్కుంటుంది. వానాకాలమంతా సగం నిండిన క్యాన్‌లో నిలవ ఉన్న పెట్రోల్ పొయ్యకు. ఫిల్టర్‌లోది గాజు సీసాలోకి వంపి కదలకుండా పెట్టు, కింద వేరే పొర కనబడితే దొంగ దొరికినట్టే.

వైరింగ్ చివరికి ఉంచాను, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెట్టి అక్కడే తప్పు చేస్తారు. కానీ మన హుస్సేన్‌సాగర్ విషయంలో వైరింగ్‌ని తేలిగ్గా తియ్యలేను. కూకట్‌పల్లి నాలా మురుగు ఎన్నేళ్లుగానో ఇందులోకే వచ్చింది. ఎండాకాలం వచ్చే ఆ కుళ్లిన గుడ్డు కంపు నీకు తెలుసుగా, ఆ వాయువే రాగిని నల్లగా చేస్తుంది. సముద్రంలో బోట్లకి రాగి పచ్చగా చిలుము పడుతుంది, మనకి నల్లబడుతుంది. సాకెట్ విప్పి పిన్నులు చూడు. పైన వైరు మెరుస్తూ ఉన్నా అంగుళం తొక్క తీస్తే లోపల బొగ్గులా ఉండొచ్చు. మెరిసే రాగి దొరికేదాకా కోసుకుంటూ పో. కొత్తగా వేసేది తగరం పూసిన వైరైతే మంచిది. నల్ల టేపు చుట్టడం నాకు గిట్టదు, అది తడిని లోపల దాచిపెడుతుంది. జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వెయ్యి, పిన్నులకి సిలికాన్ గ్రీజు రాయి.

బ్యాటరీ టెర్మినళ్లు చేత్తో తిప్పి చూడు, అదురుకి నట్లు వదులవుతాయి. రాత్రంతా ఊరుకున్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ తిరుగుతుంటే 14 అటూ ఇటూ ఉండాలి. తర్వాత మీటరు ఒక మొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజన్ బాడీ మీద పెట్టి ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించు. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ వైరు ఖరాబు. ఎర్త్ లూజైతే ఏ బజర్ ఎందుకు మోగుతుందో దేవుడికే తెలియాలి.

పాత రకం ఇంజన్లలో వేడి స్విచ్ వైరు బాడీకి తగిలితే బజర్ మోగుతుంది. ఒరుసుకుని తొక్క పోయిన వైరు అదురుకి తగిలి తగిలి అదే నాటకం ఆడుతుంది. స్విచ్ దగ్గర ఆ వైరు ఊడదీసినా మోత ఆగకపోతే తప్పు ఆ స్విచ్‌ది కాదు, వైరు వైపు చూడు. ఆగితే మాత్రం స్విచ్‌ది అని తీర్పు చెప్పకు, నిజంగా వేడెక్కి ఉండొచ్చు, మళ్లీ థర్మామీటరు పట్టుకో. కంప్యూటర్ ఉన్న కొత్త ఇంజన్లో ఇలా వైర్లు ఊడదీయొద్దు, ఊడదీసిందే ఇంకో తప్పుగా రాసుకుంటుంది. దానికి స్కానర్ ఉన్నవాణ్ణి పిలిచి, పాత తప్పుల లిస్టు తీయించు, నీ బుక్కులో రాసిన టైములతో పోల్చు.

ఒక రోజు ఒక్కటే మార్చు. జల్లెడ, థర్మోస్టాట్, బ్యాటరీ అన్నీ ఒకేసారి మార్చి బజర్ ఆగితే ఏది దోషో నీకు తెలియదు, నెలకి మళ్లీ మోగుతుంది.

మీ ఓనర్‌తో గొడవ పడకు. ఇంపెల్లర్ కిట్ ధర, కొత్త ఇంజన్ ధర ఒక కాగితం మీద పక్కపక్కన రాసి ఇవ్వు. మాట కన్నా అంకె మీదే అతనికి నమ్మకం ఎక్కువ అన్నావు కదా. మోగే మిషన్ మీద జనాన్ని ఎక్కించమంటే మాత్రం "రేపటి దాకా ఆగండి సార్" అను. పని పోతుందని భయపడకు, రాణీగంజ్‌లో నాకు తెలిసిన షాపులు నాలుగున్నాయి.

వచ్చే ఆదివారం బుక్కు పట్టుకుని ఇంటికి రా. పాత ఇంపెల్లర్ విప్పితే చెత్తలో పడెయ్యకు, కవర్లో వేసుకుని తీసుకురా. రెక్కలు లెక్కపెట్టాలి. ఒక్కటి తక్కువున్నా ఆ ముక్క ఇంకా ఇంజన్ లోపలే ఉంది.

మీ మామ